దొంగ తూములు, బస్తాడు ఊక

రిటైరవడానికి ఇంకా ఎనిమిదేళ్ళు ఉన్నాయనగా, ఒక జులై మొదటి వారంలో నన్ను గుడివాడ నుంచి దివిసీమకు బదిలీ చేశారు. నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం నాది. ఊళ్ళలో ఏఈ మేడం అనేవారు. ఒక బ్రాంచి కాలువ శివారు భాగాన్ని నాకు సెక్షనుగా ఇచ్చారు. ఆ కాలువ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ గట్టు మీద నడిచినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, నడవనివాళ్ళకు పేరుతో పని లేదు.

శివారు సెక్షను అంటే మా శాఖలో ఎవరూ కోరి తీసుకునే పోస్టింగు కాదు. ఎగువన కాలువ నిండుగా, చూడముచ్చటగా పారుతుంది. శివారుకు వచ్చేసరికి మోకాలి లోతు ఉంటే గొప్ప. అక్కడి నుంచి ఇంకాస్త కిందికి వెళ్తే సముద్రపు పోటు. పైనుంచి మంచినీళ్ళు వేళకు దిగకపోతే కింద నుంచి ఉప్పు పైకి లేస్తుంది. తిట్లన్నీ ఏఈకే. నా పై అధికారుల్లో ఈఈగారు డివిజన్ ఆఫీసులో ఉంటారు, డీఈగారు జీపులో ఉంటారు, గట్టు మీద కనపడేది ఏఈ ఒక్కతే. నాకు తిట్లంటే భయం లేదు. ఆడ ఇంజనీర్లు అరుదుగా ఉన్న రోజుల్లో ఉద్యోగంలో చేరినదాన్ని, అన్ని రకాలూ విన్నాను.

ముందు రెండు మాటలు విప్పి చెప్పాలి. కాలువ గట్టులో నుంచి చేలోకి నీళ్ళు వెళ్ళడానికి కట్టిన దారిని తూము అంటారు. ఎంత ఆయకట్టుకు ఎంత లావు గొట్టం ఉండాలో శాఖ లెక్కగట్టి పెడుతుంది, దానికి ఇనుప షట్టరు ఉంటుంది. నీళ్ళు చాలని సంవత్సరాల్లో వంతు పెడతాం. అంటే కొన్నాళ్ళు ఎగువ ఊళ్ళకు, కొన్నాళ్ళు దిగువ ఊళ్ళకు. దిగువ వంతు నడిచేటప్పుడు ఎగువ తూముల షట్టర్లన్నీ దించేస్తారు. ఇవన్నీ కాక, రైతు తనంత తాను గట్టు తవ్వి, నీటి మట్టానికి కింద పైపు పాతుకుని, పైన మట్టి కప్పేసేది ఇంకొకటి ఉంటుంది. మా కాగితాల్లో దాని పేరు అనధికార తూము. గట్టు మీద అందరూ పిలిచే పేరు దొంగ తూము.

చేరిన రోజే మా లష్కరును అడిగాను, మన సెక్షనులో దొంగ తూములు ఉన్నాయా అని. లష్కరు అంటే గట్టు కాపలా చూసి, షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి. ఆయన పేరు శోభనాద్రి, ఆ చుట్టుపక్కలవాడే. ఉన్నాయంటారండి అన్నాడు. ఎవరెవరివి అన్నాను. అది మాత్రం తెలీదండి అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అదే గట్టు మీద తిరుగుతున్న మనిషికి తెలియకపోవడమేమిటని గదమాయిస్తే, తలగోక్కుని అసలు సంగతి చెప్పాడు.

"ఎగువ ఊళ్ళో సగం మంది నాకు మావయ్యలండి, మిగతా సగం బావలండి. పేరు చెప్తే రేపు ఏ పెళ్ళికి వెళ్ళి ఎక్కడ కూర్చోమంటారండీ?"

నవ్వొచ్చింది గానీ, నవ్వుకోవడానికి వీల్లేని మనిషి ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వచ్చింది. పేరు నాగమణి. శివారున కౌలుకు చేస్తోంది. భర్త నాగాయలంక వైపు పడవల మీద చేపల వేటకు వెళ్తాడు, చేను చూసుకునేది ఆవిడే. ఆ ఏడే మొదటిసారి భూమి కౌలుకు తీసుకుంది. మాటలు పెట్టుకోకుండా, ఒకసారి వచ్చి చూడండి మేడంగారూ అంది. వెళ్ళి చూశాను. నారుమడి నెర్రెలిచ్చింది. నారు కొనలు ఎర్రబడి, ఒక మూలన అప్పటికే పడుకుంది. ముదిరిన నారు నాటితే సరిగ్గా పిలకలు వేయదు. మళ్ళీ విత్తనం చల్లుకుందామంటే అదను దాటిపోతుంది. వారం లోపల తడి అందకపోతే ఆవిడకు ఆ ఏడు పంట లేదు. అంతే సంగతి.

దిగువ వంతు అప్పటికే మొదలైంది. ఎగువ షట్టర్లన్నీ నేనే దగ్గరుండి దింపించాను. పైనుంచి వదిలిన నీళ్ళు వదిలినట్టే ఉన్నాయి, శివారు గేజి రాయి మీద మాత్రం మట్టం పెరగడం లేదు. కాలువ నీళ్ళు ఆవిరై పోవు గదా. దారిలో ఎక్కడో దిగిపోతున్నాయి. డీఈగారికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాయంత్రానికల్లా పైనుంచి ఒక ప్రకటన వచ్చింది, ఆటోకు మైకు కట్టి ఎగువ ఊళ్ళో చదివించమన్నారు. నీటి దొంగల మీద కేసులు పెడతామనీ, నీటి దొంగల ఆచూకీ చెప్పమనీ, నీటి దొంగలు ఇకనైనా మారాలనీ. అంత చిన్న కాగితంలో ఆ మాట ఎన్నిసార్లు పడిందో. చదవాల్సింది శోభనాద్రి. సొంత మావగారి అరుగు ముందు ఆటో ఆగినప్పుడు మైకు గరగరలాడుతోందని అబద్ధం చెప్పి, చదవకుండానే ముందుకు పోనిచ్చాడట.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఎగువ ఊరి రైతులు కాలువకు అడ్డంగా గేట్లుండే రెగ్యులేటరు దగ్గర చాపలు పరుచుకుని కూర్చున్నారు. శాఖవాళ్ళెవరూ గట్టెక్కడానికి వీల్లేదన్నారు. వాళ్ళకు పెద్ద చలపతిరావుగారు. ఒకప్పుడు నీటి సంఘం అధ్యక్షుడిగా చేసిన మనిషి, తెల్లటి పంచె, భుజాన కండువా, నెమ్మదిగా మాట్లాడతారు. నాకు కుర్చీ తెప్పించారు, కాఫీ తెప్పించారు, ఆ తర్వాత చెప్పారు, పైపులుంటే పీక్కోండి, అడ్డం రాము, కానీ మమ్మల్ని ఊరంతా తిప్పి దొంగలన్నారు, ఆ మాట ఏ మైకులో అన్నారో ఆ మైకులోనే వెనక్కి తీసుకోండి, అప్పటిదాకా కదలం.

మీకు పైపు ఉందా అని సూటిగా అడిగాను. ఉందన్నారు, ఏమీ తడుముకోకుండా.

"నాది ఊట పైపు మేడంగారూ. గట్టులోంచి ఊరిన నీళ్ళు నా చేలో దిగుతాయి. ఊట కాలువది కాదు, భూమిది. దాన్ని దొంగతనం అంటే ఇక బావిలో చేదుకున్నా దొంగతనమే."

ఇది ఆయనొక్కడి వాదన కాదు. డెల్టా రైతుల్లో ఎవర్ని కదిపినా ఇదే అంటారు. గట్టు అడుగున చెమర్చే నీళ్ళు ఎవరి చేలో చెమరిస్తే వాళ్ళవి. ఆ ఊటను ఒక దారికి తేవడానికి గట్టు వాలులో చిన్న పైపు గుచ్చుతారు. శాఖ ఒప్పుకోదు, గట్టిగా అడ్డమూ చెప్పదు. మొత్తానికి ఆ పూట చర్చ అక్కడే ఆగింది. అవతల ఒక మనిషి నారు ఎండిపోతుంటే వీళ్ళు మాట పట్టుకుని కూర్చున్నారేమిటని నాకు ఒళ్ళు మండింది. ఆ మాటే అన్నాను కూడా. ఎవరూ లేవలేదు.

ఆదివారం బందరులో మా ఇంటికి వచ్చాను. కోపం దిగాక ఆలోచన వచ్చింది, ఇంతమంది పెద్ద రైతులు కేసులకు భయపడలేదు, పైపులు పీకుతామంటే భయపడలేదు, ఒక్క మాటకు ఇంత ఎందుకు కదిలారని. నాకు ఏదైనా అర్థం కాకపోతే దాని మూలం దాకా వెళ్ళే అలవాటు ఉంది. ఇంట్లో ఉన్న నిఘంటువు తీశాను. నేను భాష చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే తెలిసినవాళ్ళు దిద్దాలి. చోరుడు, తస్కరుడు సంస్కృతం నుంచి వచ్చినవి, పుస్తకం దాటి వీధిలోకి పెద్దగా రాలేదు. చోరీ పోలీసు స్టేషను మాట. పాత తెలుగులో దొంగను మ్రుచ్చు అనేవారట, దాని తాలూకు తునక ముచ్చుమొహం అనే తిట్టులో మాత్రం మిగిలింది. దొంగ మన సొంత మాట. అది ఏ ధాతువు నుంచి పుట్టిందో నాకు దొరికిన పుస్తకాల్లో తేలలేదు, అందుకని కథలు కట్టను.

అయితే నిఘంటువు ఆ మాటకు ఇచ్చిన అర్థాలు రెండు. పరుల సొత్తు తీసుకునేవాడు ఒకటి, కపటం అనేది రెండోది. రెండోది చూశాక మన నోళ్ళలో ఆ మాట ఎలా తిరుగుతుందో లెక్కేసుకున్నాను. దొంగ ఏడుపు, దొంగ నిద్ర, దొంగ చూపు, దొంగ దెబ్బ, దొంగ సంతకం. దొంగ ఏడుపులో ఎవరి సొత్తూ పోలేదు. దొంగ నిద్రలో పోయిందేమీ లేదు. ఉన్నదొకటి, చూపించేదొకటి, అంతే. మా మనవడు కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నట్టు నటిస్తే దొంగా అని ముద్దులాడతాం కూడా. అంటే తెలుగువాడి దృష్టిలో ఆ మాటకు ఆయువుపట్టు తీసుకోవడంలో లేదు, దాచడంలో ఉంది. చలపతిరావుగారికి గుచ్చుకున్నది అక్కడే. నీళ్ళు ఎక్కువ వాడావంటే ఆయన వాదిస్తారు, దాచావంటే భరించలేరు. ఈ సంగతి తెలిసిన తర్వాత ఏం చేయాలో నాకు స్పష్టంగా కనపడింది. దాచినదాన్ని ఎవరి నోటా ఆ మాట రాకుండా అందరి ముందూ బయటపెట్టాలి.

మా చదువులో నిలకడ పరీక్ష అని ఒకటుంది. కాలువలో ఒక ముక్కను రెండు వైపులా మూసేసి, నీళ్ళు నిలబెట్టి, మట్టం ఎంత పడుతుందో చూస్తారు. పారే నీళ్ళలో దొంగ తూము కనపడదు, నిలిచిన నీళ్ళలో దాక్కోలేదు. దానికి నా సొంత పొడిగింపు ఒకటి చేర్చాను. రైసు మిల్లు నుంచి ఒక బస్తా ఊక తెప్పించాను. నిలిచిన నీటి మీద ఊక చల్లితే అలా పరుచుకుని ఉంటుంది. అడుగున పైపు నోరుంటే అక్కడికి జరిగి, గుండ్రంగా తిరిగి, మునుగుతుంది. డీఈగారు ఫోనులో ఒక పూటకు కాలువ ఆపడానికి ఒప్పుకున్నారు. ఊక సంగతి ఆయనకు చెప్పలేదు, చెప్తే నవ్వుతారు.

సోమవారం రెగ్యులేటరు దగ్గరికి వెళ్ళి చలపతిరావుగారితో షరతు పెట్టాను. మీ ఊరి గట్టు పొడుగునా ఊక ఎక్కడా తిరక్కపోతే అదే మైకులో ఆ మాట వెనక్కి తీసుకుంటాం, శోభనాద్రి కాదు, నేనే చదువుతాను. తిరిగితే ఎవరి పైపు వాళ్ళు తీసేయాలి. ఆయన చుట్టూ చూసి, సరే కానివ్వండి అన్నారు. కొందరు నేల చూపులు చూడటం గమనించాను. ఆయన మాత్రం నిబ్బరంగా ఉన్నారు.

కబురు శివారుకు ఎవరు మోశారో గానీ, షట్టర్లు దించేసరికి నాగమణి ఇంకో నలుగురితో ఆటోలో వచ్చేసింది. నీళ్ళు కుదుటపడేదాకా ఆగి, శోభనాద్రి ఊక చల్లుకుంటూ ముందు నడిచాడు. ఎగువ ఊరు ఒక వైపు గట్టున, శివారువాళ్ళు రెండో వైపు గట్టున, అందరూ నీళ్ళనే చూస్తూ నడిచారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చోట ఊక మెల్లగా ఒడ్డుకు జరిగింది, తిరిగింది, మునిగింది. ఎవరి చేను అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. గట్టు మీద సున్నంతో గీత గీయించి ముందుకు కదిలాను. ఇంకొంచెం దూరంలో మరో చోట తిరిగింది, మళ్ళీ గీత. శోభనాద్రి ముఖంలో ఎప్పుడూ లేని తేట వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆయన చెప్పలేనిది ఊక చెప్పేస్తోంది, ఏ బావతోనూ చెడలేదు.

చలపతిరావుగారి చేను దగ్గర ఊక ఆగింది. ఆయన రెండడుగులు ముందుకు వేసి నిలబడ్డారు. ఊక ఆయన వైపు గట్టుకు దగ్గరగా వచ్చి, అంతకుముందు ఎక్కడా తిరగనంత జోరుగా తిరిగి, గుటుక్కున దిగిపోయింది. నాకు ఆయన మీద జాలి వేసింది, దాచుకోను. ఆయన చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, మెట్టు దిగినట్టు కాలువలోకి దిగారు. కాలితో తడిమారు, తర్వాత వంగి చేత్తో తడిమారు. గట్టు లోపల ఎప్పుడో కోసుకుపోయి, ఊట కోసం గుచ్చిన పైపు నోరు సరాసరి కాలువలోకి తెరుచుకుని ఉంది. భుజం మీది కండువా తీసి, ఉండ చుట్టి, ఆ నోట్లో కుక్కారు. నీళ్ళ మీద తిరుగుడు ఆగింది.

ఒడ్డుకు వచ్చి, గట్టు ఎప్పుడు కోసుకుపోయిందో నాకు తెలీదండి అన్నారు. నమ్మాను. ఊటకు అంత లావు పైపు దేనికండీ అని కూడా అడిగాను.

ఆయన తడి బట్టలతోనే అవతలి గట్టు వైపు చూసి నాగమణిని అడిగారు.

"ఏమ్మా, నువ్వూ నన్ను దొంగ అనే అనుకున్నావా?"

"మావయ్యగారూ అని పిలిచే నోటితో ఆ మాట ఎట్లా అంటానండీ" అంది ఆవిడ. "మా మడి నెర్రెలిచ్చిన రోజుల్లో మీ చేలో కప్పలు అరుస్తున్నాయండి. దారంట వెళ్తూ విన్నాను. అంతే నాకు తెలిసింది."

ఊక తిరిగింది కాబట్టి షరతు ప్రకారం అవసరం లేకపోయినా, ఆ సాయంత్రం మైకులో నేనే చదివాను. పై నుంచి వచ్చిన కాగితం పక్కనపెట్టి నాకు తోచినట్టు రాసుకున్నాను. ఎవర్నీ దొంగలని అనడం లేదు, దొంగ తూములు మాత్రం ఉన్నాయి, సున్నం గీతలున్న చోటా లేనిచోటా ఎవరి పైపు వాళ్ళు తీసి గట్టు మీద పెట్టండి, పెట్టినవాళ్ళ పేరు రాయము, కేసు పెట్టము, షట్టరుతో తూము కావలసినవాళ్ళు ఆఫీసుకు వచ్చి దరఖాస్తు ఇవ్వండి అని. మర్నాడు గట్టు పొడుగునా పైపులు పడి ఉన్నాయి. గీతలకంటే పైపులే ఎక్కువ. డీఈగారు కేసులేవీ అని అడిగితే శివారు గేజి చూసుకోమని చెప్పాను. చూసుకున్నారు, మళ్ళీ అడగలేదు.

నీళ్ళు శివారుకు చేరాయి. నాగమణి నారుమడిలో ఒక ముక్క లేచి పచ్చబడింది, మిగతాది లేవలేదు. ఊడ్పులు మొదలైనప్పుడు చూస్తే ఆవిడ చేనులో సగానికే నారు సరిపోయేలా ఉంది. చలపతిరావుగారి మడిలో నారు మిగిలింది. ఒకనాడు శోభనాద్రి ట్రాలీ ఆటో నిండా నారు కట్టలు వేసుకుని నాగమణి గట్టున దించాడు. నేను గేజి చూడటానికి వచ్చి అక్కడే ఉన్నాను. ఎవరిదండీ నారు అని ఆవిడ అడిగింది. ఎవరిదైతే ఏంటమ్మా, మిగిలిందట, నాటేసుకో అన్నాడు శోభనాద్రి. పేరు చెప్పొద్దని ఆయనకు గట్టిగా చెప్పి పంపారని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కూలీలు అప్పటికే మడిలో దిగి ఉన్నారు, ఎండ ముదురుతోంది, కట్టలు వాడిపోతున్నాయి. నాకు కూడా నాటేసుకోమ్మా అనే అనిపించింది, అన్నాను కూడా.

నాగమణి కట్ట ముట్టుకోలేదు.

"ఎవరిదో తెలీకుండా నాటితే అది నా చేలో దొంగ నారు అవుతుంది మేడంగారూ. రేపు పంట కోసేటప్పుడు నేను తలెత్తుకోవాలి గదండీ."

శోభనాద్రి నా వైపు చూశాడు. నేనేమీ సాయం చేయలేదు. ఫోను తీసి, కొంచెం దూరం వెళ్ళి మాట్లాడి వచ్చాడు. కూలీలు గట్టున కూర్చుని కట్టల మీద తడిగుడ్డ కప్పారు. చాలాసేపటికి చలపతిరావుగారు మోటారుసైకిలు మీద వచ్చారు. ఎప్పుడూ ఉండే కండువా భుజాన లేదు. గట్టు దిగి, కూలీలూ శోభనాద్రీ నేనూ వింటుండగా, ఆ నారు నాదేనమ్మా, నేనే పంపాను, నాటుకో అన్నారు. అలాగే మావయ్యగారూ అని ఆవిడ మడిలోకి దిగింది. ఆయన మొదటి వరస నాటేదాకా నిలబడి వెళ్ళిపోయారు.

తర్వాత ఆ సెక్షనులో నాలుగేళ్ళు పనిచేశాను. పైపులు మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తీయించాను, అది మా వృత్తిలో ఎప్పటికీ ఉండే పని. నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. తీసుకోవడమైనా ఇవ్వడమైనా ఎదురుగా వచ్చి నాది అని చెప్పించగలిగితే సగం తగాదా తీరుతుంది. నోటీసు పంపి అలా చెప్పించడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నాగమణి మాత్రం ఒక్క కట్టనూ ముట్టుకోకుండా చెప్పించింది.